జలుబు గోలీ ముక్కు దిబ్బడను ఎందుకు తీయదు?

జలుబు చేసినా, అలర్జీ వచ్చినా, దుమ్ము తగిలినా, మిరప ఘాటు సోకినా ముక్కు స్పందించే తీరు పైకి ఒకేలా కనిపిస్తుంది: తుమ్ములు, నీరు కారడం, దిబ్బడ. అందువల్లనే వరంగల్ నగరంలో గాని, చుట్టుపక్కల మండలాల్లో గాని మందుల షాపుకు వెళ్లి ‘సర్దికి గోలీ’ అని అడిగినవారికి, ఆ సర్ది ఎందువల్ల వచ్చిందన్న ప్రశ్న లేకుండానే, దాదాపు ఒకే రకం మిశ్రమ మాత్ర చేతికి వస్తుంది. అది వేసుకున్నాక కొందరికి గంటసేపట్లో ముక్కు కారడం తగ్గుతుంది, కొందరికి నిద్ర ముంచుకొస్తుంది, చాలామందికి మాత్రం రాత్రి పడుకోగానే ముక్కు మళ్లీ మూసుకుపోయి నోటితో గాలి పీల్చుకోవలసి వస్తుంది. ఒళ్లు తీరును బట్టి కొంత తేడా ఉండే మాట నిజమే అయినా, అసలు కారణం ఆ మాత్రలో కలిసి ఉన్న మూడు నాలుగు మందుల్లో ఏది ఏ లక్షణం మీద పనిచేస్తుందన్న దానిలో ఉంది. వాటిలో ఒకటి, అదీ దిబ్బడ కోసమనే చేర్చినది, నోటి ద్వారా తీసుకున్నప్పుడు పనిచేయగల రూపంలో ముక్కు దాకా చేరడమే లేదని ఇటీవలి సంవత్సరాల్లో తేలింది.

దిబ్బడకు మూలం చీమిడి కాదు

ముక్కు మూసుకుపోతే లోపల చీమిడి గడ్డకట్టిందని, గట్టిగా చీదితే దారి తెరుచుకుంటుందని అనుకోవడం సహజం. అయితే దిబ్బడలో చీమిడి పాత్ర చిన్నది. ముక్కు లోపలి పక్కగోడల మీద, ఒక్కో వైపు మూడు చొప్పున, మెత్తని తడిపొర కప్పిన సన్నని ఎముక మడతలు ఉంటాయి. వైద్యులు వీటిని టర్బినేట్లు అంటారు. పీల్చిన గాలిని వెచ్చబరచి, తడిపి, అందులోని దుమ్మును పట్టి ఉంచి ఊపిరితిత్తులకు పంపడం వీటి పని. ఆ వెచ్చదనం రక్తం నుంచి రావాలి కాబట్టి ఈ పొరలో, ముఖ్యంగా కింది మడతలో, సాగే గుణమున్న చిన్న చిన్న సిరల గదులు ఒత్తుగా అమరి ఉంటాయి. వాటికి రక్తం చేరే దారుల్లోని కండరాన్ని నాడులు బిగించి ఉంచినంతసేపు గదుల్లో రక్తం తక్కువగా నిలుస్తుంది, గాలికి దారి ఉంటుంది; ఆ బిగువు సడలితే గదులు నిండి, పొర ఉబ్బి, దారి మూసుకుంటుంది.

ఏ జబ్బూ లేనివారిలో కూడా ఈ ఉబ్బు కొన్ని గంటలకోసారి కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి మారుతూనే ఉంటుంది గాని, రెండో వైపు తెరిచి ఉండటం వల్ల ఎవరికీ తెలియదు. పడుకున్నప్పుడు తలభాగంలో సిరల ఒత్తిడి పెరుగుతుంది, ఏ పక్కకు ఒరిగితే ఆ వైపు ఇంకొంచెం మూసుకుంటుంది; జలుబు మనిషికి రాత్రంతా అటూ ఇటూ పొర్లవలసి రావడం ఇందువల్లనే. మందు ఎంపికకు సంబంధించిన మొదటి సూత్రం ఇక్కడే ఉంది: ముక్కులోని నీటిని ఆరబెట్టే మందు దిబ్బడను తీయదు. దిబ్బడ పోవాలంటే రక్తనాళాలను బిగించే మందైనా కావాలి, పొర వాపును తగ్గించే మందైనా కావాలి.

ఎనుమాముల ఘాటు, వయ్యారిభామ పుప్పొడి, వైరస్

తుమ్ములు, నీరు కారడం, దిబ్బడ అనే లక్షణాలు ముక్కులో మూడు వేర్వేరు దారుల్లో పుడతాయి, ఆ మూడూ వరంగల్‌లో బాగా పరిచయమైనవే.

వానలు పడ్డాక ఖాళీ స్థలాల్లో, రైలుపట్టాల పక్కన, చెరువు గట్ల మీద తెల్లని చిన్న పూలతో విరగబూసే వయ్యారిభామను తీసుకుంటే, దాని పుప్పొడి అలర్జీకి ప్రసిద్ధమైన కారణాల్లో ఒకటి. అమెరికా ఖండానికి చెందిన ఈ మొక్క 1950ల నడుమ పుణె ప్రాంతంలో గుర్తింపులోకి వచ్చి, ఆ తరువాత దేశమంతా పాకింది. కొందరి శరీరం ఈ పుప్పొడిలోని మాంసకృత్తులను శత్రువులుగా పొరబడి, వాటిని గుర్తుపట్టేందుకు ఐజీఈ అనే ప్రత్యేక ప్రతిరక్షకాన్ని తయారుచేసుకుంటుంది. అది ముక్కు పొరలోని మాస్ట్ కణాల మీద అతుక్కొని కాచుకొని ఉంటుంది. మళ్లీ అదే పుప్పొడి వచ్చి తగిలిన నిమిషాల్లోనే ఆ కణాలు తమలో దాచుకున్న హిస్టమిన్‌ను బయటికి వదులుతాయి. హిస్టమిన్ నాడులను తాకితే దురద, తుమ్ములు. గ్రంథుల నుంచి నీరు. రక్తనాళాలను తాకితే కొంత వాపు. కథ అంతటితో ఆగదు. మరికొన్ని గంటల తరువాత ల్యూకోట్రయిన్లు అనే రసాయనాలు, ఇసినోఫిల్ అనే తెల్లకణాలు రంగంలోకి దిగి రెండో విడత వాపును తెస్తాయి, ఎక్కువసేపు నిలిచే దిబ్బడ చాలావరకు ఈ రెండో విడతదే. పరుపుల్లో, దిండ్లలో ఉండే కంటికి కనిపించని దుమ్ము పురుగులు, బూజు, పెంపుడు జంతువుల చర్మపు పొట్టు కూడా ఇదే తీరులో పనిచేస్తాయి.

జలుబు తీరు వేరు. దాన్ని తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో రైనోవైరస్‌లది పెద్ద వాటా. ఇక్కడ వాపుకు, గొంతు నొప్పికి కారణమయ్యే రసాయనాల్లో బ్రాడీకైనిన్ వంటివి ముందు వరుసలో ఉంటాయి, హిస్టమిన్ పాత్ర తక్కువ. అలర్జీకి చక్కగా పనిచేసే సెటిరిజిన్ జలుబుకు చెప్పుకోదగినంత మేలు చేయకపోవడానికి కారణం ఇదే.

మూడో దారి ఘాటుది. దేశంలోనే పెద్ద మార్కెట్ యార్డుల్లో ఒకటిగా పేరున్న ఎనుమాములకు వేసవి ముందు మిర్చి వచ్చే రోజుల్లో బస్తాల మూతులు విప్పి కాయను నేల మీద కుప్ప పోస్తుంటే ఎర్రని పొడి గాలిలోకి లేస్తుంది. హమాలీలు, తొడిమలు తీసే కూలీలు, వేలానికి వచ్చిన రైతులు తువ్వాలు ముక్కుకు అడ్డం కట్టుకొనే పని కానిస్తారు. తేజ వంటి ఘాటు రకం దగ్గర నిలబడిన ఎవరికైనా, అలర్జీ ఉన్నా లేకున్నా, తుమ్ములు తప్పవు. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిరప రంగుకు పేరుపడినదే గాని ఘాటు తక్కువది. ఆ తేడా కాయలోని క్యాప్సైసిన్ అనే పదార్థం ఎంత ఉందన్న దాన్ని బట్టి వస్తుంది. క్యాప్సైసిన్ మాస్ట్ కణాల జోలికి పోదు. వేడిని, మంటను గుర్తించే నాడుల కొసల మీద ఉన్న ఒక గ్రాహకాన్ని నేరుగా తట్టి లేపుతుంది. 1997లో ఆ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. ఇందులో ఐజీఈకి గాని, మాస్ట్ కణాలకు గాని ప్రధాన పాత్ర లేదు కాబట్టి మిర్చి యార్డు తుమ్ములకు అలర్జీ గోలీ వేసుకుంటే నిద్ర రావచ్చు గాని తుమ్ములు తగ్గవు. అక్కడ కావలసినది మంచి మాస్కు, పని అయ్యాక ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం. అయితే అదే దుమ్ములో బూజు కణాలు కూడా కలిసి ఉండవచ్చు కాబట్టి, యార్డు వదిలి ఇంటికి వచ్చాక కూడా దురద, తుమ్ములు, పిల్లికూతలు ఆగనివారు దాన్ని ఒట్టి ఘాటుగా కొట్టిపారేయకూడదు.

బాక్స్: ఏది ఏమిటో గుర్తుపట్టడం

ముక్కులో, కళ్లలో, అంగిట్లో దురద ఉండి, వరుస తుమ్ములతో పలుచని నీరు కారుతూ, జ్వరం లేకుండా, వారాల తరబడి సాగినా, ప్రతి ఏటా అదే కాలంలో వచ్చినా అది అలర్జీ అనుకోవడానికి బలమైన ఆధారాలున్నట్టే. గొంతు గరగరతో మొదలై, ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరంతో వచ్చి, రెండు మూడు రోజుల్లో ముదిరి, వారం పది రోజుల్లో దానంతట అదే పోయేది జలుబు. చీమిడి పచ్చగా మారినంత మాత్రాన బ్యాక్టీరియా చేరిందని కాదు; రోగనిరోధక కణాలు అక్కడ చేరి పనిచేసినప్పుడు ఆ రంగు వస్తుంది. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు కాబట్టి జలుబుకు దాన్ని కొనడం వృథా ఖర్చు, ఆపై హాని కూడా.

హిస్టమిన్‌ను అడ్డుకునే మందులు

హిస్టమిన్ వచ్చి కూర్చునే చోటును ముందుగానే ఆక్రమించి దాని ప్రభావాన్ని ఆపేవి యాంటీహిస్టమిన్లు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో 1937లో డేనియల్ బోవే వీటికి బాట వేశాడు, ఆ దారిలో చేసిన కృషికి ఆయనకు 1957లో నోబెల్ బహుమతి దక్కింది. తొలి తరానికి చెందిన క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్ ఇప్పటికీ ఊరూరా వాడుకలో ఉన్నాయి. పల్లెల్లో ‘ఎవిల్ గోలీ’ పేరు తెలియనివారు అరుదు. ఇవి కొవ్వులో కరిగే చిన్న అణువులు కావడం వల్ల రక్తం నుంచి మెదడులోకి సులభంగా దూరిపోతాయి. మెదడులో హిస్టమిన్ చేసే పని మనిషిని మెలకువగా ఉంచడం. దానికి అడ్డుపడితే మత్తు రాక తప్పదు. పైగా క్లోర్‌ఫెనిరమిన్ పెద్దవారి రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు 20 గంటలు పడుతుంది కాబట్టి రాత్రి వేసుకున్న మాత్ర మరునాటి పనివేళకు కూడా శరీరంలో ఉంటుంది. నిద్ర వస్తున్నట్టు అనిపించకపోయినా చేతి చురుకుదనం, చూపు నిలకడ తగ్గుతాయి. కాజీపేట రోడ్డు మీద ఆటో నడిపేవారికి, జిన్నింగు మిల్లులో యంత్రం దగ్గర నిలబడేవారికి, పరీక్షకు కూర్చునే విద్యార్థికి దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు.

తొలి తరం మందులకు ఇంకో గుణం ఉంది. ఇవి శరీరంలో స్రావాలను నడిపే ఎసిటైల్‌కోలిన్‌ను కూడా అడ్డుకుంటాయి. జలుబులో ముక్కు కారడాన్ని ఇవి కొంత తగ్గించడానికి కారణం ఆ ఆరబెట్టే గుణమే. అదే గుణం వల్ల నోరు పిడచకట్టుకుపోతుంది, మలబద్ధకం వస్తుంది. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన వృద్ధులకు మూత్రం బంధించవచ్చు, కొందరు పెద్దవయసువారిలో మతి తడబాటు కూడా కనిపిస్తుంది. ఇంట్లో అందరికీ ఒకే గోలీ అనే అలవాటు డెబ్బై ఏళ్ల మనిషి విషయంలో ప్రమాదకరం.

రెండో తరం మందులైన సెటిరిజిన్, లెవోసెటిరిజిన్, లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్ మెదడులోకి తక్కువగా వెళతాయి. వాటిలోనూ తేడాలున్నాయి. సెటిరిజిన్ కొందరికి మత్తునిస్తుంది, ఫెక్సోఫెనడిన్ అతి తక్కువగా ఇస్తుంది. సెటిరిజిన్ ఎక్కువగా మూత్రపిండాల ద్వారా బయటికి పోతుంది కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవారికి మోతాదు తగ్గించాలి. ఫెక్సోఫెనడిన్‌ను నారింజ, ఆపిల్ వంటి పళ్లరసాలతో వేసుకుంటే పేగులో ఇంకడం తగ్గిపోతుంది, నీళ్లతోనే వేసుకోవాలి. నెలల తరబడి రోజూ సెటిరిజిన్ గాని, లెవోసెటిరిజిన్ గాని వాడి ఒక్కసారిగా ఆపినప్పుడు కొద్దిమందిలో ఒళ్లంతా తీవ్రమైన దురద రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 మేలో హెచ్చరించింది. అరుదే అయినా, ఆ దురదను పాత అలర్జీ తిరగబెట్టిందని పొరబడి మందును ఏళ్ల తరబడి కొనసాగించేవారు ఉంటారు కాబట్టి తెలిసి ఉండటం అవసరం.

ఈ మందులు దురద, తుమ్ములు, నీరు కారడం అనే మూడింటి మీద బాగా పనిచేస్తాయి, దిబ్బడ మీద మాత్రం బలహీనం. రెండో విడత వాపును నడిపేది హిస్టమిన్ ఒక్కటే కాకపోవడమే ఇందుకు కారణం.

దారిలోనే ఇంకిపోయే మందు

ఆ లోటును పూడ్చాలనే మిశ్రమ మాత్రల్లో రక్తనాళాలను బిగించే మందు ఒకటి చేరుస్తారు. పూర్వం ఆ స్థానంలో ఫెనైల్‌ప్రొపనాలమిన్ ఉండేది; అది మెదడులో రక్తస్రావానికి దారితీయవచ్చని తేలడంతో అమెరికాలో 2000లో ఉపసంహరణ మొదలైంది, భారత ప్రభుత్వం 2011లో నిషేధించింది. మరో మందు సూడోఎఫెడ్రిన్ నిజంగా పనిచేసేదే అయినా, దాని నుంచి మెథాంఫెటమిన్ అనే మత్తుపదార్థాన్ని తయారుచేసే ముఠాల కారణంగా అమెరికా 2006 నుంచి దాన్ని కౌంటర్ వెనక్కి నెట్టింది, భారతదేశంలో కూడా అది నియంత్రిత పదార్థం. ఈ రెండింటి స్థానంలోకి వచ్చినదే ఫినైలెఫ్రిన్. నేడు జలుబు గోలీల స్ట్రిప్ తిప్పి చూస్తే పారాసెటమాల్, క్లోర్‌ఫెనిరమిన్ పేర్ల పక్కన ఎక్కువగా కనిపించేది ఈ పేరే.

ఫినైలెఫ్రిన్‌కు రక్తనాళాలను బిగించే శక్తి లేదని కాదు. ముక్కులో నేరుగా చల్లితే బిగిస్తుంది, శస్త్రచికిత్స సమయంలో పడిపోయిన రక్తపోటును నిలబెట్టడానికి సిర ద్వారా ఎక్కిస్తే కూడా పనిచేస్తుంది. చిక్కంతా నోటి దారిలో ఉంది. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువకు వదిలిన నీరు దారి పొడవునా తూముల్లోకి మళ్లి, చివరి ఆయకట్టుకు వచ్చేసరికి కాలువ అడుగు తడవడమే గగనమైనట్టు, మింగిన ఫినైలెఫ్రిన్‌ను పేగు గోడలోని ఎంజైములు, ఆపైన కాలేయం దారిలోనే విరగ్గొట్టి నిష్ఫలమైన రూపంలోకి మార్చేస్తాయి. పాత పద్ధతుల్లో కొలిచినప్పుడు మందులో మూడో వంతుకు పైగా రక్తంలోకి చేరుతుందని అనుకున్నారు; విరిగిపోయిన రూపాన్ని, పనిచేసే రూపాన్ని వేరుచేసి కొలిచే కొత్త పద్ధతులు వచ్చాక పనిచేసే రూపంలో చేరేది 1 శాతం లోపేనని తేలింది.

అమెరికాలో 1976 నుంచి ఈ మందును చీటీ లేకుండా అమ్మదగినదిగా లెక్కించారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన రాండీ హాటన్, లెస్లీ హెండెల్స్ అనే ఇద్దరు ఔషధశాస్త్ర ఆచార్యులు ఆ నిర్ణయానికి ఆధారమైన పాత అధ్యయనాలను తిరగదోడి, 2007లో ఒకసారి, 2015లో మరోసారి ఎఫ్‌డీఏకు విజ్ఞాపన ఇచ్చారు. 2023 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ సలహా సంఘం 16–0 ఓట్లతో, నోటి ద్వారా తీసుకునే ఫినైలెఫ్రిన్ సిఫారసు చేసిన మోతాదులో దిబ్బడను తగ్గించదని తేల్చింది. 2024 నవంబరులో దాన్ని ఆమోదిత జాబితా నుంచి తొలగించాలని ఆ సంస్థ ప్రతిపాదించింది. భద్రత గురించిన ఆందోళన దీనికి కారణం కాదని, పనిచేయకపోవడమే కారణమని కూడా స్పష్టం చేసింది. భారతదేశంలో ఈ మిశ్రమాలు అమ్మకంలో కొనసాగుతూనే ఉన్నాయి. పనిచేయని మందుకు పేదవాడు కూలి డబ్బుల్లోంచి ఖర్చు పెట్టడం చిన్న విషయం కాదు. ఆ గోలీ వేసుకున్నాక వచ్చిన ఊరట పారాసెటమాల్ వల్ల వచ్చిందో, క్లోర్‌ఫెనిరమిన్ ఆరబెట్టడం వల్ల వచ్చిందో, జలుబు దానంతట అదే తగ్గడం వల్ల వచ్చిందో వాడుతున్నవారికి తెలిసే వీలు లేదు.

చుక్కల మందు: పనిచేస్తుంది, అందుకే జాగ్రత్త

దిబ్బడను నిమిషాల్లో తీసేది జైలోమెటజోలిన్ గాని, ఆక్సీమెటజోలిన్ గాని ఉన్న చుక్కలో, స్ప్రేయో. పేగు, కాలేయం ప్రమేయం లేకుండా మందు నేరుగా టర్బినేట్ పొర మీద పడుతుంది, సిరల గదులు బిగుసుకుంటాయి, దారి తెరుచుకుంటుంది, ఆ ప్రభావం ఎనిమిది పది గంటలు ఉంటుంది. జలుబు ముదిరిన రెండు మూడు రాత్రులు నిద్రపట్టడానికి ఇంతకంటే సూటి మందు లేదు.

అయితే మూడు నుంచి ఐదు రోజులు దాటితే ఇదే మందు ఎదురుతిరుగుతుంది. నాడులు పంపే సహజమైన బిగింపు సంకేతానికి పొర స్పందించడం తగ్గుతుంది, మందు ప్రభావం పోగానే గదులు మునుపటి కంటే ఎక్కువగా ఉబ్బుతాయి, ఆ ఉబ్బు తట్టుకోలేక మళ్లీ చుక్కలు వేసుకుంటారు. ఇలా జేబులో సీసా లేనిదే గడప దాటని స్థితికి చేరినవారు చెవి ముక్కు గొంతు వైద్యుల దగ్గరకు తరచూ వస్తుంటారు. అసలు జలుబు ఎప్పుడో పోయి ఉంటుంది, మిగిలినది మందు తెచ్చిన దిబ్బడ. దాన్ని మాన్పడానికి చుక్కలు ఆపి, కొన్ని వారాలు స్టెరాయిడ్ స్ప్రే వాడిస్తారు. అధిక రక్తపోటు, గుండెజబ్బు, నీటికాసులు, థైరాయిడ్ ఎక్కువ పనిచేయడం వంటివి ఉన్నవారు ఈ చుక్కలను కూడా వైద్యుణ్ణి అడిగే వాడాలి. పెద్దల సీసాను పిల్లలకు వాడకూడదు, వారికి తక్కువ గాఢత గలది వేరుగా ఉంటుంది.

అమృతాంజనం చేసేదేమిటి?

కృష్ణా జిల్లాలో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం తెలుగు ఇళ్లలో జలుబుకు తొలి చికిత్సగా తరాలుగా ఉంది. ఇలాంటి బాముల్లో ఉండే మెంథాల్ ముక్కులోని చల్లదనాన్ని గుర్తించే నాడీగ్రాహకాన్ని తాకుతుంది. మిరప ఘాటు గ్రాహకాన్ని కనుగొన్న జూలియస్ బృందమే 2002లో దీన్ని కూడా గుర్తించిన రెండు బృందాల్లో ఒకటి. గాలి చల్లగా, ధారాళంగా లోపలికి వెళుతున్నట్టు మెదడుకు అనిపిస్తుంది, కొలిచి చూస్తే మాత్రం ముక్కు దారి వెడల్పులో మార్పు ఉండదు. అయినంత మాత్రాన అది మోసం కాదు. ఊపిరి ఆడుతున్నదన్న భావనతో నిద్రపట్టడం రోగికి నిజమైన మేలే. పసిపిల్లల విషయంలో మాత్రం కచ్చితంగా ఉండాలి: కర్పూరం, మెంథాల్ ఉన్న బాములను రెండేళ్ల లోపు పిల్లలకు రాయకూడదు, ఏ వయసువారికీ ముక్కురంధ్రాల్లో పూయకూడదు. కర్పూరం కొద్దిగా కడుపులోకి వెళ్లినా పిల్లలకు ఫిట్స్ రావచ్చు.

ఆవిరి పట్టడం వల్ల కొంత హాయి ఉంటుంది గాని, మరిగే గిన్నె మీద దుప్పటి కప్పుకొని పిల్లల్ని కూర్చోబెట్టడం వల్ల జరిగే కాలిన గాయాలు ఆ హాయికి తగిన మూల్యం కావు. ఉప్పునీటితో ముక్కు కడగడం అంతకంటే మేలైన పద్ధతి, మూడు రకాల ఇబ్బందికీ పనికొస్తుంది. పావు లీటరు నీటికి అరచెంచా లోపు ఉప్పు చాలు. నీటిని మరిగించి చల్లార్చి వాడాలన్న నియమం మాత్రం తప్పకూడదు, ఎందుకంటే శుభ్రం చేయని నీటిలో ఉండగల ఒక రకం అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే ప్రాణాంతకం.

దీర్ఘకాలపు అలర్జీకి స్ప్రే

ఏడాదిలో నెలల తరబడి అలర్జీ దిబ్బడతో బాధపడేవారికి ఇప్పుడున్న వాటిలో అన్నిటికంటే గట్టి మందు ఫ్లూటికసోన్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ ముక్కు స్ప్రే. ఇది రెండో విడత వాపును పుట్టించే కణాలనే శాంతపరుస్తుంది. ఫలితం గంటల్లో మొదలైనా పూర్తిగా కనిపించడానికి రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది కాబట్టి రెండు రోజులు వాడి పనిచేయలేదని పారేయడం సరికాదు. తల కొద్దిగా వంచి, కుడి ముక్కుకు ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకు కుడి చేత్తో, మధ్య గోడకు తగలకుండా బయటి కంటి మూల వైపు చల్లాలి. గోడకు తగిలితే పొర పుండై రక్తం వస్తుంది. స్టెరాయిడ్ అనే పేరు విని భయపడి ఈ స్ప్రేను మానేసేవారే, ఆర్‌ఎంపీ పొట్లంలో కట్టి ఇచ్చిన తెల్ల గోలీని నిస్సంకోచంగా మింగుతారు. ఆ గోలీ బీటామెథసోనో, డెక్సామెథసోనో అయితే ఒంటికి పట్టే స్టెరాయిడ్ మోతాదు, స్ప్రేతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ; చక్కెర, రక్తపోటు పెరగడం, ఎముకలు గుల్లబారడం దాని వెంట వస్తాయి. లెవోసెటిరిజిన్‌తో కలిపి విరివిగా అమ్ముడవుతున్న మాంటెలుకాస్ట్‌ను కూడా చీటీ లేకుండా కొనకూడదు. మనోవ్యాకులత, పీడకలలు, ఆత్మహత్య ఆలోచనల వంటి మానసిక ప్రభావాల దృష్ట్యా ఎఫ్‌డీఏ 2020లో దానికి తీవ్రస్థాయి హెచ్చరిక జోడించింది.

బాక్స్: స్ట్రిప్ వెనుక ఏం చదవాలి?

పెద్ద అక్షరాల్లో ఉన్న వ్యాపార నామం కంటే దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల పేర్లు ముఖ్యం. ఒకే పేరుతో మొదలయ్యే రెండు మూడు రకాల్లో వేర్వేరు మందులు ఉండవచ్చు. పారాసెటమాల్ ఉన్న జలుబు గోలీ మీద జ్వరానికని డోలో 650 కూడా వేసుకుంటే ఒకే మందు రెండుసార్లు పడినట్టే; ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి, మద్యం అలవాటు ఉన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి అంతకంటే చాలా తక్కువ. కత్తెరతో నాలుగు గోలీలు కత్తిరించి ఇచ్చినప్పుడు మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది కాబట్టి అవి రెండూ కనిపించే ముక్కను అడిగి తీసుకోవాలి. స్ట్రిప్ అంచున నిలువు ఎర్ర గీత ఉంటే అది వైద్యుడి చీటీ మీదే అమ్మవలసిన మందు.

పిల్లలకు వేరే లెక్క

చిన్నపిల్లల ఒంట్లో జలుబు మిశ్రమ మందులు మేలు చేసిన దాఖలాలు లేవు, కీడు చేసిన దాఖలాలు ఉన్నాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మిశ్రమాలను నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి 2023 డిసెంబరులో ఆదేశించారు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా ప్రాంతంలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసిన సిరప్ తాగి, మూత్రపిండాలు దెబ్బతిని పసిపిల్లలు చనిపోయారు. ఆ ఏడాది అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, ఐదేళ్ల లోపువారికి సాధారణంగా సిఫారసు చేయదగినవి కావని సూచించింది; తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం కూడా ఆ సిరప్ విషయమై ప్రజలను అప్రమత్తం చేసింది. ఆ సిరప్ ఏ వ్యాధికి ఇచ్చారో గుర్తుంచుకోవాలి: చాలావరకు దానంతట అదే తగ్గిపోయే జలుబుకు. పసివాడికి కావలసినది పాలు, నీరు, ఉప్పునీటి చుక్కలు, తల కొంచెం ఎత్తుగా ఉండేలా ఎత్తుకోవడం, జ్వరం ఉంటే బరువును బట్టి పారాసెటమాల్.

కౌంటర్ అవతలి మనిషి

అమెరికాలో, ఐరోపాలో ఉన్నట్టు చీటీ లేకుండా అమ్మదగిన మందులకు ప్రత్యేకమైన చట్టబద్ధ జాబితా భారతదేశంలో లేదు. 1940 నాటి ఔషధ, సౌందర్యసాధనాల చట్టం కింద చీటీ తప్పనిసరి అయిన మందుల షెడ్యూళ్లు ఉన్నాయి, వాటిలో లేనివి వాడుకలో నేరుగా అమ్ముడవుతున్నాయి. ఈ ఖాళీలో రోగికి అండగా నిలవగలిగినవాడు రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనలు రోగికి మందు గురించి వివరించడాన్ని అతని విధిగా పేర్కొన్నాయి. కాకతీయ విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర కళాశాల ఉన్న నగరంలో, పట్టా సర్టిఫికెట్ గోడకు వేలాడుతుండగా కౌంటర్ దగ్గర మరెవరో కత్తెర పట్టుకొని నిలబడటం విచారకరం. దురద ఉందా, ఎన్నాళ్లుగా ఉంది, బీపీ గాని షుగర్ గాని ప్రోస్టేట్ సమస్య గాని ఉందా, ఇంకేం మందులు వాడుతున్నారు అని అడగడానికి అర నిమిషం చాలు. దురద, తుమ్ములే ప్రధానమైతే ఫెక్సోఫెనడిన్ వంటి ఒంటి మందు, దిబ్బడే ప్రధానమైతే మూడు రోజులకు చుక్కలు, ఒళ్లు నొప్పులకు ఒట్టి పారాసెటమాల్ అని ఆ అర నిమిషంలోనే తేలిపోతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా వీటిలో దేన్నీ కొనకూడదు.

కొన్ని లక్షణాలున్నప్పుడు షాపు దాటి ఎంజీఎం వంటి ఆసుపత్రిలోని చెవి ముక్కు గొంతు విభాగానికి వెళ్లవలసిందే. పది రోజులు దాటినా తగ్గని చీమిడి, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టిన జ్వరం, ఒక చెంపలోనే నొప్పి, కంటి చుట్టూ వాపు, పిల్లికూతలు, ఆయాసం, ఎప్పుడూ ఒకే వైపు ఉండే దిబ్బడ గాని రక్తం గాని అలాంటివి. చిన్నపిల్లల్లో ఒక్క ముక్కురంధ్రం నుంచే దుర్వాసనతో చీమిడి వస్తుంటే లోపల శనగగింజో, పూసో, బొమ్మలోని బటన్ బ్యాటరీయో ఇరుక్కొని ఉండే అవకాశం ఎక్కువ. ఏ గోలీ, ఏ చుక్కలూ దాన్ని బయటికి తేలేవు, బ్యాటరీ అయితే గంటల్లోనే ముక్కు మధ్య గోడను కాల్చివేస్తుంది కాబట్టి ఆ రాత్రికి ఆగకుండా తీసుకువెళ్లాలి.